పెద్ద ఓడకు ముందు ఈ చిన్న డోరీ: మోడల్ షిప్‌వేస్ కిట్ సమీక్ష

చెక్కతో ఓడ నమూనాలు చేయడం ఇటీవలే మొదలుపెట్టి, ఒకటి రెండు కిట్లు పూర్తిచేసి, తరువాత ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మోడల్ షిప్‌వేస్ వారి ‘లోవెల్ గ్రాండ్ బ్యాంక్స్ డోరీ’ కొనండి. పది అంగుళాల చేపల వేట పడవ. అసలు పడవలో ఇరవై నాలుగో వంతు. ఫిరంగులు ఉండవు, చెక్కిన బొమ్మలు ఉండవు, చిక్కులు పడే తాళ్ళు ఉండవు. పలకను వంచడం, దాని అంచును ఏటవాలుగా చెక్కడం, పక్క పలకతో సందు లేకుండా కలపడం మాత్రం ఉంటాయి. చెక్క ఓడ ఎంత పెద్దదైనా నిలబడేది ఈ మూడు పనుల మీదే.

ఈ అభిరుచిలోకి వచ్చిన ప్రతివారి కన్నూ మొదట పెద్ద ఓడల మీద పడుతుంది. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నడిపించిన ‘విక్టరీ’ పెట్టె చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. దానికి 104 ఫిరంగులు. వాటి కిటికీలు వరుస తప్పకుండా రావాలంటే కింద ఉన్న పలకలు తీరుగా పడి ఉండాలి. పలకలు తీరుగా పడాలంటే పలక స్వభావం తెలియాలి. అది నేర్పకుండా అంత పెద్ద పెట్టె అంటగట్టడం వల్లనే సగం కట్టిన ఓడలు ఎన్నో అటక ఎక్కుతున్నాయని నా గట్టి నమ్మకం.

నేను దీనికి ముందు చేసినది వేరొక తయారీదారు కిట్, రెండు తెరచాప స్తంభాల ఓడ. పేరు అనవసరం. పెట్టె మీద ‘కొత్తవారికి అనువైనది’ అని రాసి ఉంది. సూచనల పత్రంలో ఒక బొమ్మలో ఉత్త అస్థిపంజరం కనిపిస్తుంది. ఆ పక్క బొమ్మలో పలకలన్నీ అతికిపోయి ఉంటాయి. మధ్యలో జరగవలసిన అసలు పనికి దక్కింది ఒక్క వాక్యం: ‘పలకలను అతికించండి’. పలక ముక్కు దగ్గర ఎందుకు మెలికపడుతుందో, ఎక్కడ సన్నం చేయాలో, ఎంత సన్నం చేయాలో ఎక్కడా లేదు. ఖాళీలను పుట్టీతో పూడ్చి రంగు వేస్తే ఓడ రూపం వచ్చింది. పలక గురించి మాత్రం ఆ కిట్ నాకు ఏమీ నేర్పలేదు. ఆ లోటే నన్ను ఈ డోరీ దగ్గరికి తెచ్చింది.

మోడల్ షిప్‌వేస్ 1946లో న్యూజెర్సీలో పుట్టిన పాత పేరు. ఇప్పుడు మోడల్ ఎక్స్‌పో సంస్థ చేతిలో ఉంది. ఈ డోరీ విడిగానూ దొరుకుతుంది, మూడు పడవల శ్రేణిలో మొదటిదిగానూ దొరుకుతుంది. రెండోది నార్వే తరహా చిన్న తెరచాప పడవ, మూడోది మెయిన్ రాష్ట్రపు తీరంలో లాబ్‌స్టర్ రొయ్యలను మోసిన పడవ. మూడింటినీ రూపొందించినది డేవిడ్ ఆంట్‌షెర్ల్. అసలు ఓడలో ఉన్నట్టే ప్రతి పక్కటెముకనూ పెట్టి నమూనాలు కట్టే విధానం మీద పుస్తకాలు రాసిన మనిషి. అంతటి అనుభవజ్ఞుడు పది అంగుళాల పడవ దగ్గర కూర్చుని, కొత్తవారి చేయి ఎక్కడ తడబడుతుందో ఆలోచించి రాసిన సూచనలు ఇవి. చదువుతుంటే ఆ శ్రద్ధ అడుగడుగునా తెలుస్తుంది.

పడవ గురించి కొంత చెప్పాలి. అది తెలియకపోతే ఈ కిట్ కొత్తవారికి ఎందుకు కుదిరిందో అర్థం కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు ఆగ్నేయంగా, నడిసముద్రంలో లోతు తక్కువైన మెట్టలు ఉన్నాయి. వాటినే గ్రాండ్ బ్యాంక్స్ అంటారు. కాడ్ చేపలకు, హాలిబట్ చేపలకు పేరుపడ్డ చోటు. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ వంటి రేవుల నుంచి స్కూనర్ అనే తెరచాప ఓడలు అక్కడికి వెళ్ళేవి. ఓడ మీద నుంచే గాలాలు వేస్తే పట్టు చాలదు. అందుకని ఓడ చిన్న పడవలను మోసుకెళ్ళి అక్కడ నీటిలోకి దింపేది. ఒక్కో పడవలో సాధారణంగా ఇద్దరు. వందల గాలాలు కట్టిన పొడవైన తాడును సముద్రంలోకి వదిలి, తిరిగి లాగి, చేపలతో ఓడ దగ్గరికి చేరేవారు. ఆ పడవే డోరీ.

ఓడ మీద చోటు తక్కువ, పడవలు ఎక్కువ. కాబట్టి కూర్చునే అడ్డపలకలు తీసేసి, డోరీలను స్టీలు గిన్నెల్లా ఒకదానిలో ఒకటి పేర్చేవారు. అలా పేర్చాలంటే అడుగు బల్లపరుపుగా, పక్కలు బయటికి వాలి ఉండాలి. చవకగా, వేగంగా వందల సంఖ్యలో తయారు కావాలంటే పలకలు తక్కువగా, వంపులు సరళంగా ఉండాలి. ఆ పడవకు ఆ రూపం వచ్చింది ఈ అవసరాల వల్లనే. అదే రూపం ఇవాళ నమూనా చేసేవారికి కలిసివచ్చింది. అడుగు బల్లపరుపు కాబట్టి బల్ల మీద నిలకడగా కూర్చుంటుంది. పక్కకు కొన్ని వెడల్పైన పలకలే కాబట్టి ఒక్కొక్కదాని మీద కావలసినంత సమయం పెట్టవచ్చు. వేలెడు పడవలో ముప్పై సన్నని పట్టీలతో పెనుగులాడవలసిన పని లేదు.

పెట్టెలో ఉండేవి లేజర్‌తో కోసిన బాస్‌వుడ్ పలకలు, రంగుల ఫోటోలతో సూచనల పుస్తకం. నేను దంతవైద్యుల కోసం కృత్రిమ దంతాలు చేసే ల్యాబులో పనిచేస్తాను. భూతద్దం కింద చిన్న వస్తువును అరగదీయడం నాకు రోజువారీ పని. అయినా పింగాణీ వేరు, కర్ర వేరు. పింగాణీకి నార ఉండదు. కర్రను నార దిశలో చెక్కితే కత్తి జారిపోతుంది, ఎదురు దిశలో చెక్కితే చీలిక లేస్తుంది. బాస్‌వుడ్ మెత్తని కర్ర. కత్తికి తేలిగ్గా లొంగుతుంది, వేడినీటికి చక్కగా వంగుతుంది. మెత్తదనానికి తగ్గట్టే గోరు తగిలినా గుర్తు పడుతుంది, సాండ్‌పేపర్ పెడితే నూగు లేస్తుంది. ఆ నూగును 220 నంబరు కాగితంతో ఒకసారి, కర్ర రంధ్రాలను మూసే పల్చని సీలర్ పూత వేశాక 320తో ఇంకోసారి తీయాలి. సీలర్ లేకుండా రంగు వేస్తే నూగంతా గట్టిపడి పైకి నిలుస్తుంది.

లేజర్ కోసిన అంచు నల్లగా కాలి ఉంటుంది. ఆ మసిని పూర్తిగా తీసేయాలా వద్దా అన్న దాని మీద నమూనాలు చేసేవారు గంటల తరబడి వాదించుకుంటారు. నా పద్ధతి చెబుతాను. జిగురు పట్టవలసిన చోట, పైకి కనిపించే చోట తీయాలి. ఆకారానికి హద్దుగా నిలిచే అంచు మీద మాత్రం ఆ నల్లటి గీత ఏటవాలు చెక్కడం పూర్తయ్యేదాకా ఉండాలి, ఎందుకంటే ఎంత చెక్కామో కంటికి చూపించే కొలబద్ద అదే. గీత సన్నబడుతూ ఒక వెంట్రుక మందం మిగిలినప్పుడు ఆగాలి. ల్యాబులో మేము దంతం అంచు మీద రంగు పెన్సిలుతో గీసుకునే గీతకూ ఇదే పని.

కట్టే వరుస అసలు డోరీ కట్టే వరుసే. ముందు అడుగు, దాని మీద పక్కటెముకలు, ముందు ముక్కు కొయ్య, వెనక సమాధి రాయి ఆకారంలో ఉండే ఇరుకైన పలక. ఆ తరువాత పక్క పలకలు కింది నుంచి పైకి. డోరీ అడుగు అడ్డంగా చూస్తే బల్లపరుపే గాని, పొడవునా చూస్తే రెండు చివరలా కొద్దిగా పైకి లేస్తుంది. ఆ కొద్దిపాటి వంపు సరిగ్గా రాకపోతే పడవంతా జీవం లేకుండా ఉంటుంది. ఈ దశలో తొందర పనికిరాదు. జిగురు పూర్తిగా ఆరిందని చేతికి తెలిసినా ఇంకో రాత్రి అలాగే ఉంచడం మంచిది. పక్కటెముకలు అడుగుకు లంబంగా నిలిచాయో లేదో చూడటానికి నేను చిన్న ఉక్కు మూలమట్టం వాడాను. ఒక్క పక్కటెముక అర మిల్లీమీటరు పక్కకు ఒరిగినా దాని మీద పడే పలకలన్నీ ఆ తేడాను పైదాకా మోసుకెళ్తాయి.

ఇక అసలు సంగతి, ఏటవాలు. ఈ పడవకు పలక అంచు మీద ఇంకో పలక అంచు ఎక్కుతుంది. పక్కలు బయటికి వాలి ఉంటాయి, ఆ వాలు పలక పలకకూ మారుతుంది. కాబట్టి కింది పలక పై అంచును, మీది పలక ఒరిగి కూర్చునే కోణంలో చెక్కాలి. ఆ కోణం పడవ నడుమ ఒకలా ఉంటుంది, ముక్కు దగ్గర ఇంకొకలా, వెనక వేరొకలా ఉంటుంది. అంటే ఒకే అంచు పొడవునా కోణం నెమ్మదిగా తిరుగుతూ పోవాలి. పుస్తకంలో ఈ భాగాన్ని ఆంట్‌షెర్ల్ ఎంతో ఓపికగా విడదీసి చూపించారు. ఏ పక్కటెముక దగ్గర ఎంత వాలు ఉందో ముందు కొలుచుకోవాలి. ఆ చోట్ల మాత్రమే చెక్కి గుర్తులు పెట్టుకోవాలి. ఆ గుర్తులను కలుపుతూ మధ్య భాగాన్ని సాండ్‌పేపర్ అంటించిన చదును పుల్లతో తీయాలి.

ఈ పని నాకు ఎంత ఆనందం ఇచ్చిందో మాటల్లో పెట్టడం కష్టం. పలక మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పల్చని అంచు మీద కోణం తిరుగుతుంటే కంటికి దాదాపు ఏమీ కనిపించదు. మీది పలకను పట్టి చూస్తే మాత్రం తెలుస్తుంది. దీపానికి ఎదురుగా పట్టుకుని సందులోంచి వెలుగు వస్తోందా అని చూస్తాం. వస్తున్న చోట ఎదుటి వైపు ఇంకొంచెం తీస్తాం. మళ్ళీ పట్టుకుని చూస్తాం. వెలుగు గీత సన్నబడి ఆరిపోతుంది. రెండు పలకలూ ఒకటై కూర్చుంటాయి. జిగురు ఇంకా పెట్టనే లేదు, అయినా పలక తన చోటు తెలిసినట్టు నిలుస్తుంది. పుట్టీ డబ్బా ఈ పడవ మీద ఒక్కసారి కూడా తెరవలేదు.

రెండు చివరల దగ్గర ఇంకో మెలకువ ఉంది. నడుమ భాగంలో అంచు మీద అంచు ఎక్కి మెట్టులా కనిపించే పలకలు, ముక్కు కొయ్య దగ్గరికి వచ్చేసరికి ఒకే మట్టానికి రావాలి. అందుకోసం చివరి కొద్ది దూరంలో రెండు పలకలనూ ఒకదానిలో ఒకటి ఒదిగేలా పలుచన చేయాలి. సీసాలతో మందులా కొలిచి చెప్పగలిగిన పని కాదు ఇది. చేసి చూస్తేనే వస్తుంది. ఎడమ వైపు పలక చేశాక వెంటనే కుడి వైపు జత పలక చేయాలి. ఒక వైపంతా ముగించి రెండో వైపుకు వెళ్తే జిగురు లాగుడుకు పడవ మెలితిరుగుతుంది, పైగా చేతికి వచ్చిన కోణం రెండో వైపు నాటికి మారిపోతుంది.

వంచడానికి పెద్ద సరంజామా అవసరం లేదు. కెటిల్‌లో కాచిన నీళ్ళలో పలకను నానబెట్టి, పడవ మీదే బట్టల క్లిప్పులతో పట్టించి, ఆరేదాకా వదిలేయాలి. ఆరిన పలక ఆ వంపును పట్టుకుని ఉంటుంది. అప్పుడు జిగురు. తడి పలకకు జిగురు పెట్టవద్దు. తడిసిన బాస్‌వుడ్ ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుంటుంది, ఆ సమయంలో అతుకు నోరు తెరుస్తుంది. మామూలు తెల్లని చెక్క జిగురు ఈ పనికి బాగా సరిపోతుంది. క్షణాల్లో పట్టే సూపర్ జిగురు వద్దంటాను, ఎందుకంటే పలకను వెంట్రుకవాసి జరుపుకునే వ్యవధి అది ఇవ్వదు.

అమెరికాలో మేముండే ఇంటికి గంటలోపు దూరంలో, మసాచుసెట్స్‌లోనే, ఆమ్స్‌బరీ ఊరు ఉంది. మెర్రిమాక్ నది ఒడ్డున 1793లో సిమియన్ లోవెల్ పెట్టిన పడవల కార్ఖానా ఇప్పటికీ అక్కడ పనిచేస్తోంది. కిట్ పేరులోని లోవెల్ ఆ కుటుంబమే. 1911లో ఒక్క ఏడాదిలోనే ఇక్కడ రెండు వేలకు పైగా పడవలు తయారయ్యాయి. ఇప్పుడది మ్యూజియం కూడా. లోపలికి వెళ్తే కర్ర వాసన, చెక్కుడు పొట్టు, తరతరాలుగా కుంచెల నుంచి కారిన రంగు పేరుకుని గట్టిపడ్డ నేల. నేను వెళ్ళింది పలకల చివరలు చూడటానికి. పుస్తకంలో ఫోటోలు ఎంత బాగున్నా, నిజం డోరీ ముక్కు దగ్గర వంగి, పలకలు మట్టంగా కలిసే చోట వేలు పెట్టి చూసిన తరువాత నా చేతికి స్పష్టత వచ్చింది. ఈశాన్య అమెరికాలో ఉన్నవారు ఈ కిట్ కొంటే పలకలు మొదలుపెట్టే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళిరావాలని కోరుతున్నాను. దూరాన ఉన్నవారు దగ్గరలో ఏ చెక్క పడవ ఉన్నా వెళ్ళి దాని ముక్కు దగ్గర నిలబడి చూడండి.

ఆ మాట ఊరికే అనడం లేదు. మా సొంతూరు కాకినాడ. కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టడం నాన్నగారు చిన్నప్పటి నుంచి చూశారు. మా దగ్గరికి వచ్చినప్పుడు బల్ల మీద సగం కట్టిన డోరీని కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు తిప్పి చూశారు.

“అమ్మాయీ, దీనికి మేకులేవీ?” అన్నారు.

“ఈ కొలతలో మేకు తల పావు మిల్లీమీటరు ఉంటుంది నాన్నా. కంటికి ఆనదు.”

“ఆనకపోతే పోనీ. పలకలను పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉండాలి కదమ్మా. మన తీరంలో మేకు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఆ కుట్టయినా కనబడేది.”

ఆయన చెప్పినది మసూలా పడవల గురించి. కోరమాండల్ తీరంలో అలలను దాటడానికి పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి కట్టిన పడవలవి. లోపల పక్కటెముకలు ఉండవు, కాబట్టి అల కొట్టినప్పుడు పడవ మొత్తం కొద్దిగా వంగి దెబ్బను ఓర్చుకుంటుంది. బిగువైన మేకులతో కట్టిన పడవకు ఇసుక ఒడ్డు మీద విరిగే ఆ అలల్లో అంత ఓర్పు ఉండదు. డోరీ పని వేరు. దాన్ని ఓడ మీద నుంచి నడిసముద్రంలో దింపుతారు. దాని పలకల అంచులను మేకులు దిగ్గొట్టి, లోపలి వైపు మొనలు వంచి బిగిస్తారు.

ఆయన అడిగింది న్యాయమే. కిట్‌లో మేకుల ఊసు లేదు. రంగు వేయడానికి ముందు, పలక అంచు వెంట పెన్సిలుతో గుర్తులు పెట్టి, సన్నని సూది మొనతో ఒక్కొక్క చోట తేలిగ్గా ఒత్తాను. రంగు పూత పల్చగా వేస్తే ఆ చుక్కలు నిలుస్తాయి. ఎదురుగా చూస్తే కనిపించవు. కిటికీ వెలుగు పక్క నుంచి పడినప్పుడు వరుసగా కనిపిస్తాయి. దీనికి ఖర్చు లేదు, ఫలితం మాత్రం చాలా బాగుంది. ఈ కిట్ చేసే ప్రతివారూ ఈ చిన్న పని జోడించాలని నా సలహా.

బ్యాంక్స్ డోరీలకు లేత పసుపు రంగు, అంచు కమ్మికి ఆకుపచ్చ వాడుకలో ఉండేవి. నేనూ అవే వేశాను. నీటి రంగును పాల చిక్కదనానికి పలుచన చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయాలి. మందంగా ఒకేసారి వేస్తే అంత కష్టపడి చెక్కిన అంచులు పూడుకుపోతాయి. లోపలి వైపు చేపలు, ఉప్పు, బూట్లు తగిలి అరిగిన గుర్తులు వేయాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. నేను వేయలేదు. కార్ఖానా నుంచి అప్పుడే బయటికి వచ్చిన పడవగా ఉంచాలనిపించింది.

అడ్డపలకలను జిగురుతో అతికించవద్దు. ముందే చెప్పినట్టు, అవి తీసి పెట్టే పలకలు. వాటిని విడిగా ఉంచితే ఎవరైనా చూడవచ్చినప్పుడు తీసి చూపించవచ్చు. పడవలు ఎలా పేర్చేవారో చెప్పడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. తెడ్లు మాత్రం ఓపికగా చేయాలి. కర్రను ముందు నాలుగు పలకల నుంచి ఎనిమిది పలకలకు తెచ్చి, ఆపైన గుండ్రం చేయాలి. తెడ్డు రెక్క అంచు పలుచగా, నడుమ కొద్దిగా ఉబ్బుగా రావాలి. మొద్దు తెడ్లు పెడితే మంచి పడవ కూడా ఆటబొమ్మలా తోస్తుంది.

కిట్ అక్కడితో ఆగినా నాకు ఆగాలనిపించలేదు. గాలాల తాడు చుట్టి పెట్టుకునే తొట్టెలు పిండి పీపాలను అడ్డంగా కోసి చేసేవారు. మిగిలిన బాస్‌వుడ్ ముక్కలతో అలాంటిది ఒకటి చేశాను. అడుగున నీళ్ళు పోవడానికి పెట్టే బిరడాకు బయటి వైపు ఒక తాడు ఉచ్చు ఉండేది. పడవ బోల్తాపడితే మనిషి పట్టుకోవడానికి అదొక్కటే ఆధారం. నా డోరీ అడుగున, ఎవరికీ కనిపించని చోట, దారంతో ఆ ఉచ్చు పెట్టాను. అది లేకుండా ఈ పడవను పూర్తయిందని అనుకోలేకపోయాను.

కారణం హోవర్డ్ బ్లాక్‌బర్న్. 1883 జనవరిలో ‘గ్రేస్ ఎల్. ఫియర్స్’ అనే స్కూనర్ నుంచి ఆయన, టామ్ వెల్ష్ అనే తోడు మనిషి ఇలాంటి డోరీలోనే వేటకు దిగారు. మంచు తుఫాను కమ్ముకుని ఓడ కనుమరుగైంది. చేతి తొడుగులు సముద్రం పాలయ్యాయి. చేతులు గడ్డకట్టుకుపోతాయని తెలిసి, వేళ్ళను తెడ్ల చుట్టూ వంచి, ఆ ఆకారంలోనే గడ్డకట్టనిచ్చాడు. అలా తెడ్లు వేస్తూ రోజుల తరబడి నడిపి న్యూఫౌండ్‌లాండ్ తీరం చేరాడు. వెల్ష్ దారిలోనే చనిపోయాడు. బ్లాక్‌బర్న్ చేతి వేళ్ళన్నీ పోయాయి. ఆ చేతులతోనే తరువాత 1899లోనూ, 1901లోనూ ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. రెండోసారి వెళ్ళిన పడవ గ్లాస్టర్‌లోని కేప్ ఆన్ మ్యూజియంలో ఉంది. అక్కడే ఆల్‌ఫ్రెడ్ జాన్సన్ 1876లో ఒంటరిగా వేల్స్ తీరానికి చేర్చిన ‘సెంటెనియల్’ కూడా ఉంది. దాని మీద కప్పు వేసి, తెరచాప కట్టారు గాని పుట్టుకకు అదీ ఇరవై అడుగుల డోరీయే. పది అంగుళాల నమూనాను ఇరవై నాలుగుతో హెచ్చవేస్తే వచ్చేది సరిగ్గా ఆ పొడవే. తెడ్డు చెక్కుతున్నంతసేపూ నా మనసులో బ్లాక్‌బర్న్ చేతులే ఉన్నాయి. నమూనా చేసేవారు ఆ పడవ కథ చదవాలని నేను పట్టుబట్టేది అందుకే. చదివిన తరువాత తెడ్డు మందం విషయంలో ఎవరూ రాజీపడరు.

మిగిలిన రెండు పడవల గురించి క్లుప్తంగా. రెండోదైన నార్వే పడవ పన్నెండో వంతు కొలతలో ఉంటుంది. దానికి ముందు కూడా కోసు ముక్కు బదులు ఒక చిన్న అడ్డపలక వస్తుంది. పలకలు ఇంకా గుండ్రంగా తిరుగుతాయి, తెరచాప, చుక్కాని చేరతాయి. డోరీ దగ్గర ఏటవాలు పని నేర్చుకున్నవారికి ఇది బరువనిపించదు. నేరుగా దీనితో మొదలుపెడితే కష్టం. మూడోదానిలో పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అంచుకు అంచు తాకి నున్నగా కూర్చుంటాయి. పెద్ద ఓడల పద్ధతి అదే. మొదటిదీ మూడోదీ ఇరవై నాలుగో వంతు, నడిమిది పన్నెండో వంతు కావడం వల్ల మూడింటినీ ఒకే అరలో పెడితే పరిమాణాల పోలిక కుదరదు. వరుసగా ప్రదర్శించాలనుకునేవారికి అదొక లోటు. నేర్చుకోవడానికి మాత్రం ఆ వరుసే సరైనది.

ఎవరికి ఇది నచ్చదో కూడా చెప్పాలి. ఇంటికి వచ్చినవారు గుమ్మంలోనే ఆగి ఆశ్చర్యపోయే ఓడ కావాలనుకునేవారికి ఇది చాలదు. చూడటానికి సాదా పడవ. ప్లాస్టిక్ యుద్ధనౌకల్లో రాడార్లు, విమానాలు అమర్చడంలో ఆనందం ఉన్నవారికి ఇందులో వివరాలు తక్కువ అనిపిస్తాయి. పిల్లలతో కలిసి సెలవుల్లో చేద్దామనుకుంటే, పదునైన కత్తి పని కాబట్టి పదమూడు పద్నాలుగేళ్ళు దాటినవారు, అదీ పెద్దవారి పక్కన కూర్చుని చేయాలి.

భారతదేశంలో ఉన్నవారికి కొన్ని సంగతులు. తెప్పించుకుంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి కిట్ ధరను బాగా పెంచుతాయి. డోరీ పెట్టె చిన్నది, తేలిక. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో ఒక మూల సరిపోతుంది. కత్తి ఉంటే చేతి సంచిలో కాకుండా విమానంలో వేసే సామానులో పెట్టమని చెప్పండి. జిగురుకు ఫెవికాల్ చక్కగా పనిచేస్తుంది. సాండ్‌పేపర్, బట్టల క్లిప్పులు, నీటి రంగులు మన బజారులోనే దొరుకుతాయి. కాకినాడ, విశాఖ వంటి తీరపు ఊళ్ళలో వానాకాలం తేమకు పల్చని కర్ర కదులుతుంది. పలకలను వాడే దాకా గట్టిగా మూసిన సంచిలో ఉంచండి. లోపలా బయటా సీలర్ పూత తప్పనిసరి. ఒక్క బయటి వైపే పూస్తే లోపలి నుంచి తేమ లాగి పలక వంకరపోతుంది.

కొనే ముందు ఒక మాట. మోడల్ ఎక్స్‌పో తరచూ తగ్గింపు ధరలు పెడుతుంది, కాబట్టి పూర్తి ధరకు తొందరపడవద్దు. ఇంట్లో కత్తి, చిన్న క్లాంపులు, పట్టకారు ఇప్పటికే ఉన్నవారికి విడి డోరీ చాలు. ఏమీ లేనివారు మూడు పడవలతో పాటు పనిముట్లు, రంగులు కలిపి అమ్మే పెట్టె తీసుకోవడం మేలు. ఏది తీసుకున్నా పలకల షీటును స్కాన్ చేసి లేదా పల్చని కాగితం మీద గీసి ఒక నకలు దాచుకోండి. ఒక పలక చీలితే ఆ ఆకారాన్ని మళ్ళీ కోసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. విడిగా దొరికే బాస్‌వుడ్ షీటు అదే మందంలో ఒకటి అదనంగా కొని పెట్టుకుంటే, మొదటి ఏటవాలు కోతను దాని మీద సాధన చేశాకే అసలు పలక మీద కత్తి పెట్టవచ్చు.